అతుకుల కలము



గ్రంథాలయమున పుస్తకమునకు గల మర్యాద కలమునకు లేదు. పుస్తకమునకు బీరువా కలదు, అట్ట కలదు, సంఖ్య కలదు. కలము మాత్రము బల్లమీద దారముతో కట్టబడి యుండును. ఇరువదియైదేండ్లుగా చందాదారుల పేర్లును, పుస్తకములు పోయిన తేదీలును, తిరిగి వచ్చిన తేదీలును వ్రాయుటలో ఎన్ని పాళీలు అరిగినవో ఏ లెక్కలోను చేరదు. కనుక ఈ రజతోత్సవ సమయమున కలమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట అప్రస్తుతము కాదు. యంత్రములలో లక్షలకొలది పోతపోయు కలము కాదు ఇచ్చటి విషయము. కొయ్యముక్కలను లోహపు రేకులను అతికి, ఆరనిచ్చి, తరిణె పట్టి, ఒక్కొక్కటిగా చేతితో తీర్చు కలము.

తెలుగుదేశమున చేతికలము అనగానే రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చును. స్వదేశోద్యమము ముమ్మరముగా సాగుచున్న దినములలో, 1932 లో, కోసూరి వెంకటరత్నముగారు అచ్చట కలముల తయారీకి పూనుకొనిరి. 1935 జులైలో గాంధీజీ ఆ కలమును వాడి చూచి, బజారులోని విదేశపు కలములకు బదులుగా అది పనికివచ్చునని రత్నముగారికి జాబు వ్రాసిరి. ఆ కలములకు పేరు తెచ్చిన పదార్థము ఎబొనైటు. రబ్బరులో గంధకమును హెచ్చుపాలు కలిపి చాలసేపు కాచినచో అది కొమ్మువలె గట్టిపడును. ఆ కడ్డీని తరిణెపై త్రిప్పి, లోపల తొలిచి, మూతకు మరలు కోసి, మెరుగుపెట్టుదురు. ఎబొనైటు కడ్డీ ఆద్యంతము ఒకే పదార్థము. పనివాని చూపు ఉలి అంచుమీద నిలిచిన చాలును. కొయ్యయు లోహమును కలిసిన కడ్డీ సంగతి అట్టిది కాదు. అచ్చట తరిణె ఎక్కకముందే కలము బాగోగులు సగమునకు పైగా తేలిపోవును.

ఈ అతుకుల కడ్డీ పనిని ఎక్కువగా పెంచినవారు అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో ఇంటి కొట్టములో చిన్న తరిణె పెట్టుకొని వేడుకకు పనిచేయువారు. కడ్డీ సాధారణముగా ముప్పాతిక అంగుళము చదరము, అయిదంగుళముల పొడవు. నల్లని కొయ్య, తెల్లని కొయ్య, నడుమ పలుచని ఇత్తడి రేకో, రాగి రేకో, అల్యూమినియము రేకో పెట్టి అతుకుదురు. పిదప నడుమ 7 మిల్లీమీటర్ల రంధ్రము తొలిచి, అందులో పలుచని ఇత్తడి గొట్టమును బంకతో బిగింతురు. పైకొయ్యను చెక్కి చెక్కి సన్నము చేయగా, ఆ గొట్టముపై మిగులునది రెండు మిల్లీమీటర్ల మందము మాత్రమే. అనగా అతికిన చోటులో అధికభాగము రద్దుగా రాలిపోవును. ఉంగరము వంటి అంచు ఒక్కటే నిలుచును. ఆ అంచే జీవితాంతము పట్టి యుండవలెను.

కొయ్యకును లోహమునకును స్వభావము కలియదు. ఈ మాటను మెట్టసీమ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీళ్లు చల్లినప్పుడు, ఇనుము ముడుచుకొని కొయ్యను బిగబట్టును. అయినను వేసవి ముదిరినంతనే పట్టా వదులగును. ఎండకు ఇనుము సాగినదని పైపై చూచువారు అందురు. సాగుట నిజమే కాని అది స్వల్పము. అసలు కారణము కొయ్య ఎండి కుదించుకొనుట. కనుకనే రైతులు చక్రములను చెరువులో నానవేయుచుండెడివారు. నీరు త్రాగి కొయ్య ఉబ్బినంతనే పట్టా మరల బిగియును. ఇనుమును నానవేసి బిగించిన వా రెవరును లేరు గదా!

కలమునందును జరుగునది ఇదియే. అర అంగుళము మందముగల ఇత్తడి 20 డిగ్రీల వేడి పెరిగినచో మిల్లీమీటరులో రెండువందల వంతు మాత్రము పెరుగును. అదే మందముగల కొయ్య, వానకాలమునకును వేసవికిని నడుమ తేమలో నూటికి అయిదు పాళ్లు మారినచో, పోగుకు అడ్డముగా మిల్లీమీటరులో పదవ వంతు కదలును. అనగా ఇరువది రెట్లు. కావున పచ్చికొయ్యతో చేసిన అతుకుల కలము తయారైన నాడు ఎంత నిగనిగలాడినను, మరుసటి ఏటికి రేకు అంచు గోటికి తగులును. ఆ పిమ్మట సన్నని బీట కనబడును.

అతుకుట అనగానే కొండపల్లిని తలపకుండుట సాధ్యము కాదు. మైలవరమునకు కొండపల్లి దూరము కాదు. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, సన్నని సెగ చూపి తేమ తీసి, చేయి వేఱు, తల వేఱు, అంబారీ వేఱుగా చెక్కి, చింతపిక్కల పొడితోను రంపపుపొట్టుతోను చేసిన మక్కుతో అతుకుదురు. తేమను ముందుగా తీయవలెనను మర్మము వారి చేతులకు తరతరములుగా తెలిసినదే. అయితే ఒక భేదము కలదు. కొండపల్లి అతుకు సున్నము క్రిందను రంగు క్రిందను దాగును. కలపు అతుకు దాగుటకు తావు లేదు. అదియే దానికి అలంకారము. వెంట్రుకవాసి సందున్నను నల్లని గీతయై కంటికి కొట్టును. చింతపిక్కల మక్కు కొయ్యకు కొయ్యను చక్కగా పట్టును గాని, నున్నని లోహమును పట్టదు, చేతి చెమటకు ఓర్వదు. ఇచ్చట రెండు పాళ్లు కలిపి వాడు ఎపాక్సీ బంక తప్పదు. రేకును ముందుగా ఉప్పుకాగితముతో అడ్డదిడ్డముగా గీరి, స్పిరిటుతో తుడిచి, పిదప వ్రేలు తగులనీయకుండ అతుకవలెను. వ్రేలి జిడ్డు చాలును, పట్టు తప్పించుటకు.

కొయ్యను అడ్డముగా కోసిన ముఖమునకు బంకను పీల్చుగుణము మెండు. పూసిన బంక అంతయు లోనికి పోయి, అతుకు పొడిగా మిగులును. అందువలన ఒకమారు పలుచగా పూసి, అది కొంత పీల్చుకొన్న పిమ్మట మరల పూసి, అప్పుడు బిగింతురు. బిగించుట యనగా పిండుట కాదు. మరీ గట్టిగా నొక్కినచో బంక అంతయు అంచులనుండి వెలికి వచ్చును.

తొలిచెడు ఘట్టము అన్నిటికంటె గండమైనది. బరమా కొయ్యలో మెత్తగా పోవుచు పోవుచు హఠాత్తుగా రేకును తాకును. రేకు ఏటవాలుగా నున్నచో బరమా ప్రక్కకు జారును. త్వరపడి నొక్కినచో లోహము వేడెక్కి, ఆ వేడికి బంక మెత్తబడి, ముక్కలు దేనికది విడిపోవును. మెల్లగా తొలుచుచు, అంగుళమున నాలుగైదు మారులు బయటికి తీసి, రద్దును దులుపుచుండవలెను. పది దినములు అతికిన కడ్డీ పది క్షణములలో పగులుట ఇచ్చటనే.

ఈ పనిలో మిక్కిలి ముచ్చటైనది మెలికల ముగ్గును పోలినది. మునగకాయను ఏటవాలుగా కోసినచో ఆ కోత గుండ్రముగా గాక కోలగా కనబడును. ఈ సూత్రమే దానికి మూలము. చదరపు కడ్డీని ఒక ముఖమునుండి 45 డిగ్రీల వాలుగా, పూర్తిగా తెగకుండ, అడుగున రవ్వంత మిగుల్చుచు రంపముతో కోయుదురు. ఆ కోతలో రంపపు వెడల్పునకు సరిగా సరిపోవు రేకునో కొయ్యబద్దనో చొనిపి అతుకుదురు. ఆరిన పిమ్మట కడ్డీని ప్రక్క ముఖమునకు త్రిప్పి అదే చోట మరల కోత. ఇట్లు నాలుగు ముఖములకు నాలుగు మారులు. కడ్డీ చూచుటకు ఏమియు అందముగా నుండదు. తరిణెపై మూలలు రాలి గుండ్రనైనప్పుడు నాలుగు కోల వలయములు ఒకదానిలోనుండి ఒకటి దూరినట్లు బయటపడును. బద్ద కోతకంటె పలుచనైనను, నాలుగు కోతలు ఒకే చోట కలియకున్నను, ముగ్గులో చుక్క తప్పినట్లే, దిద్దుటకు వీలుండదు.

తరిణె పనిని గూర్చి విస్తరింపనక్కరలేదు: పదునైన ఉలి, తేలిక చేయి. నునుపు చేయునప్పుడే మోసము కలదు. ఉప్పుకాగితమునకు కొయ్య త్వరగా అరుగును, లోహము అరుగదు. రేకు గట్టువలె పైకి నిలుచును. కాగితము వెనుక గట్టి చెక్క నుంచి రుద్దినచో గట్టు లేవదు. ఇంకొకటి: అల్యూమినియము ధూళి నల్లగా తెల్లకొయ్య రంధ్రములలో చేరి, ఎంత తుడిచినను పోదు. అందువలన ముందుగానే స్పిరిటులో కరిగించిన లక్కను పలుచగా పూసి కొయ్య రంధ్రములను మూయుదురు. ఏటికొప్పాకలో అంకుడు కొయ్య బొమ్మలకు తిరుగుచున్న తరిణెమీదనే లక్కను ఒరిపిడి వేడితో పట్టించి, మొగలి ఆకుతో మెరుగు తెత్తురు. ఆ పద్ధతి లోహము నడుమనున్న కలమునకు అంతగా కుదురదు. లక్కకు కొయ్య మీదనున్న ప్రేమ లోహము మీద లేదు.

ఇంత శ్రమపడి చేసిన కలము మేలుగా వ్రాయునా యను ప్రశ్న కలదు. నిజము చెప్పవలసినచో, వ్రాత పాళీది, సిరాది, అతుకులది కాదు. రేకులు ఎక్కువైన కలము బరువెక్కి, మూడు పుటలు వ్రాయునప్పటికి వ్రేళ్లను నొప్పించును. ఒకటి రెండు సన్నని రేకులతో, కొయ్య అందమునకు చోటు విడిచిన కలమే చేతికి హితము. కొందరు సందు దొరికినచోట నెల్ల లోహము దూర్తురు. అది కలము కాదు, నగ.

అయినను ఈ పనిని వేడుకగా త్రోసివేయరాదు. తెల్లపొణికి చెట్లు అడవిలో నానాటికి తగ్గుచున్నవి. బొమ్మలపని నమ్ముకొన్నవారికి కొయ్య దొరకుటయే చింత. తెల్లపొణికి మెత్తన, కలమునకు పనికిరాదు. కలమునకు కావలసినది గట్టి చేవ, అదియు గుప్పెడు. అతుకు తెలిసిన చేతులు కొండపల్లిలో ఉన్నవి, ఉలి తెలిసిన వడ్రంగులు మెట్టగ్రామములలో ఉన్నారు. ట్రాక్టర్లు వచ్చిన పిదప బండి చక్రముల పని సన్నగిల్లి, ఆ వడ్రంగులలో చాలమంది తలుపులకు, మంచములకు మరలిరి. తమ పిల్లలకు ఉలిని అందించుటకు జంకుచున్నారు. కలము వారి కడుపు నింపునని చెప్పుట అతిశయోక్తి. చిన్న తరిణె, నాలుగు గజముల చోటు చాలునని, కొయ్యకు పెట్టుబడి అక్కరలేదని చెప్పుట మాత్రము నిజము.

ఆ కొయ్య ఎచ్చట నున్నదో కూడ చెప్పవలెను. పలు ఇండ్ల పెరటిలో పాతబండి చక్రములు వానకు తడియుచు ఎండకు ఎండుచు గోడకు ఆని యున్నవి. వానిలో పెక్కు నల్లతుమ్మవి. నలుబది ఏబది ఏండ్లు ఎండి వానలకు ఆరితేరిన చేవ అది. పైపొరను చెక్కి, నీడపట్టున కొన్ని నెలలు ఆరనిచ్చినచో ఇక పెద్దగా కదలదు. ఒక్క ఆకునుండి పది కడ్డీలు తేలికగా వచ్చును. కోయుటకు ముందు మేకులు లేకుండ చూచుకొని, పురుగు తొలిచిన భాగమును తీసివేయవలెను.