అంగిలి కుట్టాక కూడా మాట ముక్కులోంచి వస్తుంటే…
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యరంగం నుంచి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. బడితో సంబంధమున్న విషయాన్నే ఎంచుకున్నాను.

గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల్లో కొందరికి పెదవితో పాటు అంగిలీ చీలి ఉంటుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. గర్భంలో తొలి మూడు నెలల్లో అంగిలి రెండు వైపులా కలవకపోతే ఇలా జరుగుతుంది. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర వయసులో ఆ చీలికను కుడతారు. అయినా కొందరికి మాట ముక్కుతోనే వస్తుంది.

మ, న, ణ వంటి అనునాసికాలు తప్ప తక్కిన హల్లులన్నిటికీ గాలి నోటినుంచే రావాలి. అందుకు మెత్తని అంగిలి పైకి లేచి గొంతు వెనుక గోడను తాకి, ముక్కు దారిని మూసెయ్యాలి. మూయలేకపోతే ‘బడి’ కాస్తా ‘మడి’లా వినిపిస్తుంది.

దీనికి ముఖ్యంగా మూడు శస్త్రచికిత్సలున్నాయి. ఒకటి, అంగిలినే మళ్ళీ సరిచేయడం. అమెరికా సర్జన్ ఫర్లో 1986లో ప్రచురించిన ‘జెడ్’ ఆకారపు కోతల పద్ధతి అంగిలి కండరాలను సరైన దిశకు తిప్పి, దాని పొడవు పెంచుతుంది. ఊపిరికి ఇబ్బంది తక్కువ. కానీ ఖాళీ పెద్దదైతే చాలదు. రెండోది, గొంతు వెనుక గోడ నుంచి ఒక పట్టీని లేపి అంగిలికి కుట్టడం. నడుమ వంతెన, అటూ ఇటూ గాలికి రెండు దారులు. పక్క గోడలు బాగా కదిలేవారికి ఇది నప్పుతుంది. మూడోది, గొంతు రెండు పక్కల నుంచి పట్టీలు తెచ్చి వెనుక గోడ మీద కలిపి, దారిని ఇరుకు చేయడం. పక్క గోడలు సరిగా కదలనివారికి దీన్ని ఎంచుకుంటారు.

చివరి రెండింటిలో ఏది మేలు? 97 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీసి చేసిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. మూడు నెలలకు వెనుక గోడ పట్టీదే పైచేయి అయింది. ఏడాది గడిచేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండింటిలోనూ గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే పద్ధతి పేరు కంటే ముఖ్యం, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి, మాట్లాడిస్తూ ఎక్స్‌రే వీడియో తీసి, ఖాళీ ఎంతుందో, ఏ గోడ కదులుతోందో ముందుగా చూడడం.

ఆపరేషన్ దారిని మూస్తుందే తప్ప అలవాటును మార్చదు. గాలి చాలక గొంతులో నొక్కి పలకడం నేర్చుకున్న పిల్లలకు నెలల తరబడి స్పీచ్ థెరపీ కావాలి.

గురువులకు నా విన్నపం: పద్యం అప్పజెప్పమంటే తల దించుకునే పిల్లవాడికి పద్యం రాకపోవడమే కారణం కాకపోవచ్చు. ‘చిన్నప్పుడే ఆపరేషన్ అయిపోయింది కదా’ అని ఊరుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పెదవి, అంగిలి చీలికలున్నాయి. బడికి వచ్చే ఆ వైద్య బృందానికి చూపించండి.

మిత్రులారా, ఆపరేషన్ ఉచితంగా జరిగినా, థెరపీకి తిరిగే ప్రతిసారీ తల్లిదండ్రులకు బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోతాయి. మన సంఘం ఆ ఖర్చు భరిస్తే, ఈ బడిలో ఒక బిడ్డ ధైర్యంగా చెయ్యెత్తి జవాబు చెబుతుంది.

సెలవు.