దగ్గరి వస్తువు, దూరపు దిగంతం

కలిదిండి ప్రాంతంలో చేపల చెరువుగట్టుపై నిలిచినవారికి రెండు దృశ్యాలు ఒక్కసారిగా గోచరిస్తాయి. చేరువలో, మేత చల్లుతున్న కూలీ చేయి. దాని వెనుక ఆకాశం అంచువరకు నీరు, గట్లు. మన మనస్సు ఈ రెంటినీ జతచేసి చూస్తుంది. కెమెరా మాత్రం సాధారణంగా ఒకదానిని పట్టుకొని మరొకదానిని విడిచివేస్తుంది.

ఈ కొరతను కొంతవరకు తీర్చిన పాత కటకం ఫ్లెక్టోగాన్. నాటి తూర్పు జర్మనీలోని యేనా నగరంలో కార్ల్ జైస్ కర్మాగారం 1950ల ఆరంభంలో దీనిని వెలువరించినది. రిఫ్లెక్స్ కెమెరాలో కటకానికి, ఫిలిముకు నడుమ ఒక అద్దం పైకి లేవటానికి చోటుండాలి. విశాలదృశ్యాన్ని పట్టే కటకమో, ఫిలిముకు మరీ దగ్గరగా ఉండవలసివస్తుంది. అందుచేత, ముందుభాగాన కిరణాలను విరజిమ్మే పుటాకార కటకాన్ని, వెనుక వాటిని తిరిగి కూర్చే కటకసముదాయాన్ని అమర్చినారు. ఫ్రాన్సులో ఆంజెన్యూ సంస్థ కూడ 1950లో ఇట్టి ఉపాయాన్నే అనుసరించినది.

1970లలో వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫ్లెక్టోగాన్ మరింత నేర్పు గలది. ఫిలిము నుండి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును సైతం అది స్పష్టంగా చూపగలదు, పరిసరాలనూ విడువదు. రంధ్రాన్ని చిన్నది చేసినకొద్దీ వెనుకటి దృశ్యం ఆనవాలు పట్టేటంతగా తేటపడుతుంది.

ఇందువల్ల మనకేమి లాభమని అడుగవచ్చును. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించినది. ఆటపాక గూడబాతును దూరదర్శక కటకంతో తీసిన చిత్రంలో పక్షి అందంగానే ఉంటుంది. కాని దాని చుట్టునున్న గట్టూ, ఆ గట్టును నమ్ముకొన్న మనిషీ అందులోనుండి జారిపోతారు. పక్షి, చెరువు, కూలీ ఒకే కథలోని పాత్రలు. వారిని విడదీసి చూపినంతకాలం ఎవరి పక్షం వారికే నిజమనిపిస్తుంది.

అయితే ఈ కటకానికీ ఒక మాయ ఉన్నది. దగ్గరి చేపపిల్ల దూరపు పడవకంటె పెద్దదిగా కనబడుతుంది. కనుక చిత్రకారుడు నిజాయితీని కెమెరాకు అప్పగించరాదు. మనిషిని సమీపించేముందు అనుమతి అడగాలి; గూడుపై నున్న పక్షిని అసలే సమీపించరాదు.

42 మిల్లీమీటర్ల మరచుట్టు గల ఈ కటకాలను చిన్న లోహపు కడియంతో నేటి అద్దంలేని కెమెరాలకు తగిలించవచ్చును. మన తేమగాలికి కటకంలో బూజు పడుతుంది. సిలికా జెల్ ఉంచిన పెట్టెలో దాచుకోవాలి. కొనేముందు దానిని వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. లోపలి రేకులకు నూనె అంటినదేమో పరీక్షించండి.

దగ్గరగా వెళ్లటం సులభం. దగ్గరగా వెళ్లి కూడ చుట్టుపట్లను మరువకపోవటమే కష్టం.