కూలి రేటు ఎక్కడ తేలుతుంది: లాడ్ బజార్ నుంచి గల్ఫ్ దాకా

మఖ్దూం మొహియుద్దీన్ పేరున జరిగే ఉపన్యాసంలో కూలి గురించి మాట్లాడటం నా బాధ్యత అనుకుంటున్నాను. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆ కవి, కొలువు వదులుకుని కార్మిక సంఘాలు కట్టాడు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. ఆ తరం కట్టిన సంఘాలు ఎక్కువగా ఫ్యాక్టరీ గేటు ఉన్న చోటే నిలబడ్డాయి. గేటు లేని పని హైదరాబాద్ పాతబస్తీలో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తలాబ్‌కట్టలోనో భవానీనగర్‌లోనో గాలి ఆడని గదిలో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని గాజుల కోసం లక్క సాగదీసేవాళ్ల దాకా, ఆ గాజు మీద రాళ్లు, అద్దాలు అతికించే ఆడవాళ్ల గడప దాకా సంఘం అంతగా చేరలేదు. అక్కడి కూలి ఎంతో ఎవరు తేలుస్తారన్నదే ఈ ఉపన్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న.

ఈ నగరంలో రెండు ఫిర్యాదులు పక్కపక్కనే వినిపిస్తాయి. పనివాళ్లు దొరకడం లేదని యజమానులు అంటారు. బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి కూలి పడగొట్టారని స్థానికులు అంటారు. ఒకే వృత్తిలో, ఒకే కాలంలో ఈ రెండూ పూర్తిగా నిజం కావడం కష్టం. పనివాళ్లు నిజంగా కరువైతే కూలి పెరగాలి. పనివాళ్లు ఎక్కువైపోతే కొరత మాట రాకూడదు. అయినా రెండు మాటలూ ఒకే గల్లీలో దశాబ్దాలుగా బతుకుతున్నాయంటే రెండింటికీ అందని కారణం ఇంకేదో ఉంది. నా వాదం ఇది: చేతిపనిలో కూలి రేటును తేల్చేది ఎంతమంది వచ్చారన్న లెక్క కాదు, వచ్చినవాడు నచ్చకపోతే ఆ యజమానిని వదిలి పోగలడా లేదా అన్నది. పోలేనివాడు ఎక్కడివాడైనా తన కూలిని తగ్గించుకుంటాడు, పక్కవాడి కూలినీ తగ్గిస్తాడు.

లక్క గాజునే తీసుకుందాం. లక్కను కరిగించి, రంగు కలిపి, పిసికి, కడ్డీలా సాగదీసి, చెక్క మీద దొర్లించి, వేడి ఆరకముందే గుండ్రంగా వంచి అతకాలి. తర్వాత దాన్ని మళ్లీ మెత్తబరచి రాళ్లు ఒక్కొక్కటిగా పొదగాలి. కుంపటి దగ్గరి పని కార్ఖానాలో సాగుతుంది, పొదిగే పనిలో చాలా భాగం ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తుంది. రెండింటికీ కూలి జతల లెక్కనే. దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్‌లో. కొంతకాలంగా చేతులు కూడా ఆ పక్క నుంచే, బిహార్ నుంచి వస్తున్నాయి. అవి ఎలాంటి చేతులో 2015 జనవరిలో లోకానికి తెలిసింది. పాతబస్తీలో పోలీసులు సోదాలు చేసి గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బిహార్ పిల్లలే. తల్లిదండ్రుల చేతిలో దళారులు కొన్ని వేల రూపాయలు ముందుగా పెట్టి తెచ్చినవాళ్లు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా పని, పడుకునేదీ ఆ గదిలోనే.

ఆ పిల్లలు బయటివాళ్లు కావడం వల్ల పాతబస్తీ ఆడవాళ్ల జత కూలి పెరగకుండా ఆగిందా? అసలు కారణం అది కాదు. ఆ పిల్లలు పేష్గీ కింద, అంటే ముందుగా ఇచ్చిన డబ్బుకు కట్టుబడి ఉన్నారు, తలుపు అవతలికి వెళ్లలేరు, రేటు అడగలేరు. ఆ పక్కింట్లో రాళ్లు పొదిగే మనిషి బేరం ఆడాలంటే పోటీ పడాల్సింది అలాంటి పిల్లవాడితో. అదే పనిని బిహార్ నుంచి వచ్చిన పెద్దవాడు, నచ్చకపోతే మర్నాడు ఇంకో కార్ఖానాకు పోగలిగినవాడు చేస్తుంటే బేరం వేరుగా ఉండేది. పిల్లలను పని నుంచి పూర్తిగా తప్పిస్తే పెద్దల కూలి పెరిగి, పిల్లలను పంపే అవసరమే తగ్గవచ్చని ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, ఫామ్ హోంగ్ వాన్ 1998లో ఒక సిద్ధాంతం చెప్పారు. అయితే చట్టం పుస్తకంలో ఉండి బజారులో లేకపోతే ఫలితం తిరగబడుతుంది. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, నిషేధం తర్వాత పిల్లల కూలి పడిపోయిందనీ, ఆ లోటు పూడ్చుకోవడానికి పేద కుటుంబాలు మరింతమంది పిల్లలను పనిలో పెట్టాయనీ తేల్చారు. 2015లో ఆ పిల్లలను బిహార్‌కు తిరిగి పంపారు. అది తప్పనిసరిగా చేయాల్సిన పని, చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ వాళ్లను తెచ్చిన పేష్గీ పద్ధతి వాళ్లతోపాటు రైలెక్కి పోలేదు. జత రేటును ఎవరూ ముట్టుకోలేదు.

ఇక ఇదే పాతబస్తీ నుంచి బయటికి పోయేవాళ్ల సంగతి. బార్కస్‌లో ఇవాళ ఉన్న కుటుంబాలు చాలావరకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల మనవలు, మునిమనవలు చమురు కాలంలో అటే తిరిగి గల్ఫ్ బాట పట్టారు. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, యాకుత్‌పురా నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు, ఏసీ మెకానిక్‌లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు వెళ్లారు. అక్కడ కఫీల్, అంటే వీసాకు పూచీ పడే యజమాని, ఉంటాడు. వీసా అతని పేరున, పాస్‌పోర్టు చాలాసార్లు అతని దగ్గర. అతను ఒప్పుకోకపోతే ఇంకో యజమాని దగ్గరికి పోవడం చాలాకాలం కుదిరేది కాదు. ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని దళారి అమ్మేది కూడా ఎవరో ఒక కఫీల్ పేరున ఉన్నదే. భవానీనగర్‌లో బిహార్ పిల్లవాడిని కట్టిపడేసిన పేష్గీ, రియాద్‌లో పాతబస్తీ డ్రైవర్‌ను కట్టిపడేసిన కఫాలా అనే ఈ కఫీల్ పద్ధతి చేసే పని ఒక్కటే. రెండు చోట్లా కార్మికుడు వదిలిపోయే దారి మూసి, ఆ తర్వాత రేటు చెబుతారు.

ఇది నా ఊహ కాదని చూపే సాక్ష్యం గల్ఫ్‌లోనే ఉంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో ఒకప్పుడు కాంట్రాక్టు గడువు ముగిసినా పాత యజమాని అభ్యంతరం లేదని రాసిస్తేగానీ కార్మికుడు మరో చోట చేరడానికి వీలుండేది కాదు. 2011లో ఆ షరతు తీసేశారు. సురేశ్ నాయుడు, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి జీతాల లెక్కలు పరిశీలించి 2016లో ప్రచురించారు: కాంట్రాక్టు ముగిసిన కార్మికుల రాబడి ఈ మార్పు వల్ల పది శాతానికి పైగా పెరిగింది. అదే ఎడారి, అదే పని, అవే చేతులు. మారింది వదిలిపోయే హక్కు ఒక్కటే. ఆ అధ్యయనంలోని రెండో సగాన్ని కూడా దాచకూడదు. ఉన్నవాళ్ల రాబడి పెరగడంతో కొత్తవాళ్లను తెప్పించుకోవడం కంపెనీలు తగ్గించాయి. అంటే హక్కుకు వెల ఉంది, దాన్ని కొంత ఇంకా బయలుదేరని మనిషి మోశాడు. అయినా ఆ వెలను ఒప్పుకుని ముందుకు పోవాలనే అంటాను. తక్కువ మందికి స్వేచ్ఛతో కూడిన పని, ఎక్కువ మందికి కట్టేసిన పని అన్న రెండింటిలో రెండోదాన్ని కోరుకునే హక్కు ఆ కట్టులో లేనివాళ్లకు లేదు. ఖతర్ 2020లో అలాంటి షరతే తీసేసి, 2021 మార్చి నుంచి ఏ దేశంవాడికైనా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలు చేసింది.

మన కేంద్ర ప్రభుత్వం సరిగ్గా అదే కాలంలో ఎదురు దిక్కుకు నడిచింది. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని నిర్దేశించే కనీస వేతనాన్ని 2020 సెప్టెంబరులో ముప్పై నుంచి యాభై శాతం దాకా తగ్గించింది. ధర ఎక్కువైతే మనవాళ్లను వదిలి ఇతర దేశాలవాళ్లను తీసుకుంటారన్నది దాని వెనక వాదన. తెలంగాణ నుంచి నిరసనలు లేచాయి, హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జూలైలో పాత రేట్లు తిరిగి వచ్చాయి. బిహారీలు తక్కువకు చేస్తున్నారని ఇక్కడ కోపగించుకునే మనమే, అక్కడ మనవాళ్లు తక్కువకు చేస్తారని చాటింపు వేయడానికి పది నెలల పాటు ఒప్పుకున్నాం.

రాకుండా ఆపితే కూలి పెరగదా అని అడిగేవాళ్లకు అమెరికా ఒక పెద్ద పరీక్ష చేసి పెట్టింది. ఏటా లక్షల మంది మెక్సికన్ కూలీలను పొలాలకు తెచ్చే బ్రసేరో పథకాన్ని, స్థానికుల కూలి పెంచాలనే, 1964 చివర రద్దు చేశారు. ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్, సహ పరిశోధకులు తర్వాత లెక్క తీస్తే ఆ కూలీలు ఎక్కువగా పనిచేసిన రాష్ట్రాల్లో పొలం కూలి మిగతా రాష్ట్రాల కన్నా వేగంగా ఏమీ పెరగలేదు. భూస్వాములు టమాటా కోసే యంత్రాలు తెచ్చుకున్నారు, యంత్రం కుదరని పంటలు తగ్గించుకున్నారు. లక్షకు పైగా క్యూబన్లు 1980లో ఒక్కసారిగా మయామీలో దిగినప్పుడు స్థానికుల కూలి పెద్దగా తగ్గలేదని ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ చెప్పాడు. చదువు తక్కువ ఉన్నవాళ్ల కూలి తగ్గిందని జార్జ్ బోర్హాస్ వాదించాడు. ఆ తగవు ఇంకా తెగలేదు, నేను తెంపబోను. తలల లెక్క ఒక్కటే కూలిని తేల్చేదైతే అంత పెద్ద రాకపోకల తర్వాత తగవుకే తావుండేది కాదన్నంత వరకే నాకు అవసరం.

మన నేల మీద దొరికిన సాక్ష్యం ఇంకా బలమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చినప్పుడు 157 మండలాల్లో, దాదాపు కోటీ తొంభై లక్షల మంది ఉన్న చోట, ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలన్నది లాటరీతో నిర్ణయించారు. అందువల్ల తేడాను సూటిగా కొలవగలిగారు. ఆర్థికవేత్త కార్తిక్ మురళీధరన్ బృందం కనుక్కున్నదేమిటంటే, పథకం సక్రమంగా నడిచిన చోట పేద కుటుంబాలకు పెరిగిన రాబడిలో పెద్ద భాగం ఉపాధి హామీ నుంచి రాలేదు, బయటి పనుల కూలి పెరగడం నుంచి వచ్చింది. కూలి పెరిగితే ఆసాములు పనులు తగ్గిస్తారన్న భయం నిలవలేదు, పనిదినాలు తగ్గలేదు. ఏ మనిషినీ ఊళ్లోకి రాకుండా ఆపలేదు. కాదంటే ఇంకో దారి ఉందన్న ధైర్యం మాత్రం కూలివాడికి దొరికింది.

స్థానికుల హక్కు మాటేమిటని అడగవచ్చు. హైదరాబాద్‌లో అది చిన్న ప్రశ్న కాదు. స్థానికులకే కొలువులన్న, 1919 నాటి నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల కోసం 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థులు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం న్యాయమైంది. కానీ అది సర్కారీ కొలువుల గురించి, లెక్కకు దొరికే కుర్చీల గురించి. కుంపటి ముందు చోటును అలా రిజర్వు చేయలేం, చేసినా పేష్గీ కింద ఉన్న ముల్కీవాడి కూలి పెరగదు. దానికి పాలమూరు రుజువు. ఆ మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు తరాల తరబడి గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతటా ప్రాజెక్టులు కట్టారు. వెళ్లిన ప్రతి రాష్ట్రంలోనూ వాళ్లే బయటివాళ్లు, వాళ్లే చవక. ఇవాళ నగరం చుట్టూ ఇటుక బట్టీలకు అడ్వాన్సు మీద వచ్చే ఒడిశా కుటుంబాలు అదే స్థితిలో ఉన్నాయి.

పేష్గీ లేకపోతే పేదవాడికి అప్పు పుట్టేదెక్కడ అన్న ప్రశ్నను తేలిగ్గా తీసేయలేను. పెళ్లికో ఆస్పత్రికో అవసరం వచ్చినప్పుడు తలుపు తీసేవాడు యజమానే. అప్పు ఇవ్వనివ్వండి, డబ్బుగానే వసూలు చేసుకోనివ్వండి. మనిషిని ఆపి వసూలు చేసుకోవడమే వెట్టి, దాన్ని 1976 చట్టం నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ శ్రమేనని ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. జత రేటు పెరిగితే బేరం జైపూర్‌కో ప్లాస్టిక్ గాజుకో పోతుందనే భయం వ్యాపారికి ఉంది. కొన్ని కార్ఖానాలు మూతపడవచ్చు, కాదనను. కానీ పిల్లవాడి చేతి మీద తప్ప నిలవని కార్ఖానాను నిలబెట్టే బాధ్యత పాతబస్తీ ఆడవాళ్లది కాదు.

కొరత అనేది ఏమిటో కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న 2020 మేలో అందరికీ కనిపించింది. ఆ నెల ఒకటో తారీఖున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మంది వలస కార్మికులతో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. వారం తిరిగేసరికి రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు లేక, బిహార్‌లోని ఖగడియా నుంచి 222 మందిని రైల్లో లింగంపల్లికే రప్పించారు. పోగలిగిన రోజున వాళ్ల విలువ సర్కారుకూ తెలిసింది, మిల్లు యజమానికీ తెలిసింది. ఆ విలువ మామూలు రోజుల్లో కూడా రేటుగా మారాలి.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో గాజు అమ్మే ప్రతి వ్యాపారీ ఒక్కో జతకు కుంపటి దగ్గర ఎంత ఇచ్చాడో, రాళ్లు పొదిగిన ఇంటికి ఎంత ఇచ్చాడో రాసిన రిజిస్టరు చూపాలని అడుగుదాం. 1948 కనీస వేతనాల చట్టం జాబితాలో చేర్చిన పనులకే వర్తించేది, 2019 వేతనాల కోడ్ ఆ జాబితాను తీసేసింది. కాబట్టి లక్క గాజుల పనికి జత లెక్కన కనీస రేటు ప్రకటించమని రాష్ట్ర కార్మిక శాఖను అడుగుదాం. రాళ్లు పొదిగే ఆడవాళ్లూ, బిహార్ నుంచి వచ్చిన పెద్ద కార్మికులూ ఒకే సంఘంలో చేరేలా మఖ్దూం వారసులమనుకునే సంఘాలు తలాబ్‌కట్ట గల్లీల్లోకి రావాలి. లాడ్ బజార్‌లో గాజులు కొనే మీరు కూడా, ధర అడిగిన నోటితోనే జత కూలి ఎంతో అడగండి.