కొరింథులో పదునెనిమిది నెలలు
(జైపూర్ సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరమున మన పెద్దలు కట్టిన మందిరములను గూర్చియు, నడిపిన బడులను గూర్చియు అనేకులు మాట్లాడియున్నారు. మేము నేడు ఒక ఊరిలో కొంతకాలమే ఉండి, చేతిపని చేసికొని, వెళ్లిపోయిన యొక మనిషిని గూర్చి చెప్పదలచితిమి. ఆయన అపొస్తలుడైన పౌలు. ఊరు కొరింథు.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమును ఇంటికి వెళ్లి మరల చదువుడి. పౌలు ఏథెన్సునుండి కొరింథు వచ్చినప్పుడు ఆయనను చేర్చుకొన్న అకుల, ప్రిస్కిల్ల దంపతులైనను ఆ ఊరివారు కారు. అకుల పొంతు దేశమువాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి వెళ్లగొట్టగా వారు అక్కడికి వచ్చిరి. డేరాలు కుట్టుట వారి వృత్తి, పౌలు వృత్తియు అదే. తామే పరవాసులైనవారు మరియొక పరవాసికి చోటిచ్చి, పనిలో కలుపుకొనిరి. చేతిపనిని గ్రీకు దేశపు గొప్పవారు చులకనగా చూచుచుండిరి. పౌలు మాత్రము తన చేతులతో కష్టపడుటను గూర్చి కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికలోనే దాపరికము లేక చెప్పుకొనెను.

ఆ పట్టణ చరిత్రయు వినదగినదే. క్రీ.పూ. 146లో రోమీయులు దానిని నేలమట్టము చేసిరి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు ఆజ్ఞతో అది మరల లేచెను. వెలుపలి జనమును తెచ్చి అక్కడ నిలిపిరి. వారిలో విడుదల పొందిన దాసులు అనేకులు. రెండు ఓడరేవుల మధ్య ఊరు గనుక వచ్చువారు, పోవువారు ఎప్పుడును ఉండిరి. మన బొగ్గు పట్టణములును అట్టివే గదా! గోదావరిఖనిలో ఏ ముసలాయననైనను "తాతా, మీ తండ్రిగారిది ఏ ఊరు?" అని అడుగుడి. గోదావరిఖని అని చెప్పువారు అరుదు.

మన జైపూరు సంగతికి వత్తము. 2016లో ఇక్కడ సింగరేణి వారి విద్యుత్ కేంద్రములో 600 మెగావాట్ల యూనిట్లు రెండు పని ప్రారంభించినవి. ఇటువంటి పనులకు జార్ఖండ్, ఒడిశా, బీహారు రాష్ట్రములనుండి కాంట్రాక్టు కూలీలు వచ్చి, పని తీరగానే మరియొక చోటికి పోవుదురు. వారిలో క్రైస్తవులును కలరు. రాంచీలో గోస్నరు మిషనువారు 1845లోనే అడుగుపెట్టిరి. అక్కడి సంఘము మన అధ్యక్ష మండలముకంటె వయసులో చాల పెద్దది. అయినను అటువంటి సంఘపు బిడ్డలు మన మందిరములో వెనుక చాపమీద కూర్చుండి, భాష తెలియక, ఎవరును పలుకరింపక, ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్లుట మేము చూచియున్నాము.

మన పిల్లల మాట తలంచుడి. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశములలో పనులు విస్తరించినవి. కరీంనగరు, ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాలనుండి ఎందరో వెళ్లిరి, ఇప్పటికిని వెళ్లుచున్నారు. కువైటులో నేషనల్ ఎవాంజిలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములు వంతులవారీగా కూడుకొనుచుండును. ఆదివారము పనిదినము గనుక అక్కడ శుక్రవారమే పెద్ద ఆరాధన. తెలుగువారికిని అక్కడ చోటు దొరికినది. మన బిడ్డ అక్కడ తెలుగులో ప్రార్థించుకొనగలిగెనని విని ఇక్కడ తల్లి కన్నీళ్లు తుడుచుకొనును. మరి రాంచీ తల్లికో?

పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉండెను. వెళ్లిపోవువాడే గదా అని అకుల ఆయనను బయట నిలుపలేదు. తరువాత ఆ దంపతులును ఓడయెక్కి ఎఫెసునకు వెళ్లిరి. అక్కడ వారి యింటనే సంఘము కూడుచుండెను. కెంక్రేయ సంఘపు ఫీబే రోమాకు పోవునప్పుడు ఆమెను చేర్చుకొనుడని పౌలు పత్రికలో వ్రాసి పంపెను.

మన సభ్యుల పట్టీలో చందా కట్టిన కుటుంబములకే గడులున్నవి. మూడు నెలలు, ఆరు నెలలు ఉండువారికి గడి లేదు. కనుక వేరొక పుస్తకము పెట్టుదమని పాస్టరేటు కమిటీవారితో చెప్పియున్నాము. పేరు, స్వగ్రామము, అక్కడి సంఘము, ఇంటివారి ఫోను నంబరు అందులో వ్రాసికొందము. ప్రమాదము జరిగిన రాత్రి ఎవరికి కబురు చేయవలెనో తెలియవలెను. బొగ్గు ప్రాంతమువారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. అట్టివాడు ఇక్కడనే కన్నుమూసి, శవమును పంపుటకు వీలులేనియెడల, మన సమాధుల తోటలో చోటిచ్చుటకు రసీదు అడుగవద్దనియు కోరితిమి. ఇది ఇంకను చర్చలోనున్నది. కొందరు పెద్దలకు సందేహములున్నవి, వారితో మరల కూర్చుందుము. వెళ్లిపోవువారి చేతికి, వారు చేరబోవు ఊరి సంఘమునకు ఒక పత్రిక వ్రాసి యిత్తుము.

ఈ పనికి హిందీ మాటలాడగలవారు ఇద్దరు కావలెను. ఆరాధన ముగిసిన తరువాత ద్వారమునొద్ద మమ్మును కలిసికొనుడి.