పాత పద్దు నిలుపు వేళ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

మన గ్రంథాలయపు పుస్తకముల పట్టికయు, ఇచ్చిపుచ్చుకొను పద్దులును పాత కంప్యూటరునుండి క్రొత్తదానికి మారుచున్నవి. మార్చిన పిదప నిలుపవలసిన పని యొకటి కలదు. లెక్కలు వ్రాయువాడను గనుక దానిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

దస్త్రము ఒక్క పూటలో మారదు. పాతదానిలో పద్దు పడుచుండగనే దాని నకలు క్రొత్తదానికి చేరుచుండవలెను. ఈ మోత పనినే సింక్ అందురు. చిట్టాలో పడినదానిని ఆవర్జాకు ఎక్కించు గుమాస్తా వంటిది. అయితే ఈ గుమాస్తాకు వివేకము లేదు. ఆగుమన్నదాక మోయుచునే యుండును.

సహకార సంఘపు ఖాతా నొకదానిని ఊహింపుడు. రైతు బాకీ 12,000 రూపాయలు. క్రొత్త యంత్రములో 5,000 జమ కట్టగా 7,000 నిలిచినది. మరునాడెవరో అలవాటు చొప్పున పాతదానిలో ఆ రైతు ఫోను నంబరు దిద్దినారు. కొన్ని సింకులు మారిన అంకెను మాత్రమేగాక ఆ వరుసనంతటిని మోయును. తెల్లవారుసరికి బాకీ మరల 12,000! రసీదు రైతు చేతిలోనే యున్నది. లెక్క మాత్రము అతనిని నమ్మదు.

కావున ముందు పాతదానిలో వ్రాత కట్టివేయవలెను. దారిలోనున్న కడపటి పద్దులు చేరువరకు సింకును నడవనీయవలెను. ఖాతాల సంఖ్యయు, ముగింపు నిల్వలును రెండు చోట్లను సరిచూచి, ఆ తరువాతనే దానిని నిలుపవలెను. తొందరపడి ముందే నిలిపినచో కడపటి పద్దులు దారిలో పోవును. సింకును తీసివేసినచో చేరిన పద్దులు కూడ పోవునేమోయని కొందరికి భయము, అవి పోవు. తాత్కాలికముగా ఆపుట మాత్రము చాలదు, యంత్రమును మరల వెలిగించినప్పుడు అదియు మేల్కొనవచ్చును. నిర్ణీతవేళల పట్టికనుండి దాని పేరు కొట్టివేసి, దానికిచ్చిన సంకేతపదమును రద్దు చేయవలెను.

ఇంకొక చిక్కు. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో సింకు ఎంతవరకు చదివినదో తెలుపు గుర్తు పాతదానియందే యుండును. దానిని స్లాట్ అందురు. చదువరి పోయి గుర్తు మిగిలినచో, అతడు వచ్చి చదువునని పాత యంత్రము మార్పుల చిట్టాలను పారవేయక పోగుచేయును. అందులో వేరు దస్త్రములు నడచుచున్నచో డిస్కు నిండి అవియు నిలిచిపోవును.

బందరులో 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పాత ఐఎఫ్‌ఎస్‌సీ సంకేతములను వెంటనే తీసివేయలేదు. 2021 ఏప్రిల్ 1నుండి చెల్లవని ముందుగా చాటి, గడువు దాటగానే నిలిపినారు. అవి ఎన్నటికిని చెల్లునన్నచో జనము క్రొత్తవానిని నేర్చెడివారా?

మన రాజమహేంద్రవరమున నన్నయ మొదలిడిన భారతము అరణ్యపర్వమున నిలిచినది. తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. నడుమ మిగిలినదానిని ఎఱ్ఱన రాజరాజనరేంద్రునికే అంకితముగా పూరించి, విరాటపర్వపు గుమ్మమున కలము దించెను. తిక్కన వ్రాసినదానిపై మరల వ్రాయలేదు!

మన కార్యవర్గమువారు సరిచూచిన పట్టికపై ఇరువురి సంతకములు తీసికొని, సింకు నిలిపిన తేదీని, గంటను పుస్తకములో ఎక్కించవలెనని కోరుచున్నాను. పాత యంత్రము బీరువాలో నుండనిండు, చూచుటకే గాని వ్రాయుటకు గాదు. సెలవు.