సముద్రము దాటిన తెలుగు బోధకుడు

విదేశ మిషనెరీ యనగానే మనకు తెల్లదొరలే తలంపునకు వత్తురు. తెలుగువారే పంపిన తెలుగు బోధకు నొకని గూర్చి నేడు చెప్పెదను.

జాన్ రంగయ్యగారు 1903వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమకు వెళ్లిరి. వారిని పంపినది తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషను సంఘము. అందు పెక్కండ్రు బీదలు. సముద్రము మాట యట్లుండనిండు. 1860 మొదలు మనవారు చెన్నపట్టణమున ఓడ లెక్కి, అచ్చటి చెరకుతోటలకు అయిదేండ్ల యొడంబడికపై పోవుచుండిరి. చీటి లేనిదే కూలివాడు తోట దాటరాదు. గడువు తీరగానే యొకడు స్వదేశమునకు, ఒకడు వేరు తోటకు, ఒకడు బొగ్గుగనికి. ఈ యాదివారము ప్రార్థనకు కూడినవారు మరుసటేడు ఉందురో లేదో! నాకు తోచినంతవరకు, రంగయ్యగారి విశ్వాసమునకు ఓడ ప్రయాణముకంటె నిదియే గట్టి పరీక్ష.

మనమైనచో, ముందు జనము కుదురుకొననిండు, పిమ్మట చూతమందుము. వారట్లు కాచియుండలేదు. ఆ సంవత్సరాంతముననే కియర్స్నీ తేయాకుతోటలో తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. క్రమముగా వేరు తావులందును సంఘములు వెలసెను.

కూలీల యోడలు 1911లో నిలిచిపోయెను. రంగయ్యగారు 1915లో గతించిరి. ఆ పిమ్మటను అచ్చటి సంఘములలో తెలుగు ప్రార్థన సాగుచునే యుండెను.