పొలిమేర దాటితే కూలి పెరుగుతది
(మొగుడంపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

మన మొగుడంపల్లి మండలం దాటితే కర్ణాటక. ఎండ అదే, గడ్డపార అదే. 2024-25లో ఉపాధిహామీ కూలి అక్కడ రోజుకు 349 రూపాయలు, ఇక్కడ 300. నూరు రోజుల పనికి 4,900 తేడా! మరుసటేడు అక్కడ 370, ఇక్కడ 307. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ రెండేండ్లు మన రేటే. 2014లో రాష్ట్రం వేరుపడ్డది, కూలి మాత్రం ఉమ్మడిగనే ఉండిపోయింది.

రేటు ప్రకటించింది కేంద్రమే, ఒప్పుకుంటం. 2011 నుంచి ధరల సూచీని బట్టి సవరించుకుంట వచ్చిన్రు. కానీ రాష్ట్రం తన ఖజానాలకెళ్లి కలిపి ఇయ్యొద్దని ఆ చట్టంల ఎక్కడా లేకుండె. పీఆర్సీ కోసం కొట్లాడిన ఉద్యోగ మిత్రులు, ఫీజు బకాయిల కోసం రోడ్డెక్కిన విద్యార్థులు ఈ 63 రూపాయల లెక్క కూడా ఎమ్మెల్యేల ముందర పెట్టాలె.